స్టెప్నీ లేని కారు

తణుకు,
జనవరి 19

వదినగారికి,

మీ మరదలు దీవెన వందనాలు. ఇక్కడ అందరం కులాసా. నా చేతిరాత చూసి కంగారు పడకండి, చెడు కబురేమీ లేదు. ఫోన్‌తో పోయేదానికి ఉత్తరమెందుకు అనుకుంటారేమో. మా ఇంట్లో ఫోన్ సంగతి మీకు తెలియనిది కాదు. మీ తమ్ముడు ఫోన్ మోగగానే స్పీకర్ పెడతారు. మీరు నన్ను అడిగినదానికి ఆయన జవాబు చెప్తారు. నేను మిమ్మల్ని అడిగినదానికి కూడా ఆయనే జవాబు చెప్తారు. అందుకని స్టాఫ్ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. మీరు కూడా మా స్కూలు అడ్రసుకే రాయండి.

క్రిస్మస్ రోజు భోజనాల దగ్గర మీరు, "ఏప్రిల్లో రిటైరవగానే కారు కొంటాను" అన్నారు. అందరం సంతోషించాం. ఆ తర్వాత మీ ఫోన్‌లో ఆ నీలం కారు బొమ్మ చూపించారు. అప్పటి నుంచి ఇంట్లో వేరే మాట లేదు. అంత కిందకి ఉన్న కారు మన రోడ్ల మీద పొట్ట ఆనుకుని ఆగిపోతుందని మీ తమ్ముడి బాధ. పైగా స్పోర్ట్ అని రాసి ఉంది, ఈ వయసులో అక్కకి స్పోర్ట్ ఏంటి అంటున్నారు. ఇది ఆయన మాట, నాకు ముడిపెట్టకండి.

ఆయన మనసులో ఉన్నది ఏడుగురు పట్టే పెద్ద బండి. ఎత్తుగా ఉంటుంది, సామాను పడుతుంది, చర్చి మీటింగులకి ఇంటిల్లిపాదీ వెళ్ళవచ్చు. జూన్‌లో మా రూబీ పురుడు. మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికే వస్తుంది. ఆసుపత్రికి తిప్పడానికి ఎంత సుఖం, అక్క ఎలాగూ ఖాళీ అవుతుంది కదా అంటున్నారు. నన్ను కూడా మీతో ఒక మాట చెప్పమన్నారు, చెప్పాను. ఒకసారి ఆలోచించండి.

మీ దీవెన


రాజమండ్రి,
జనవరి 27

మరదలు పిల్లా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ మా స్కూల్ గ్రౌండ్‌లోకి నడిచి వచ్చి నా చేతికి ఇచ్చాడు. ఈల పక్కన పెట్టి అక్కడే గోడ మీద కూర్చుని చదివాను.

ఈ వయసులో స్పోర్ట్ ఏంటి అన్నాడా విజయ్ పాల్? డ్రిల్ టీచరుగా ఇన్నేళ్ళూ నాకు జీతమిచ్చింది అందుకేనని వాడికి గుర్తుచెయ్యి.

ఆ కారు పిచ్చి ఎలా పట్టిందో నీకొక్కదానికే చెప్తాను. కిందటేడు మా స్కూలు వ్యాన్ డ్రైవర్ రాకపోతే ఎప్పటిలాగే వ్యాన్ నేను తోలుతున్నాను. ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు మలుపులో ఒక చిన్న కారు నన్ను దాటి వెళ్ళింది. రెండొందల మీటర్ల పరుగులో వంపు దగ్గర ఒళ్ళు ఎలా వాల్చాలో పిల్లలకి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఆ కారుకి ఎవరో ముందే చెప్పినట్టుంది. ఊగలేదు, తూలలేదు, నేలని పట్టుకుని తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాకు అన్నం మీద ధ్యాస లేదు.

ఇంకో సంగతి. మా స్కూల్లో నన్ను వెనకాల స్టెప్నీ మేడమ్ అంటారు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసుకి నేను. తెలుగు టీచరు పురిటికి వెళ్తే నేను. వ్యాన్ డ్రైవర్ రాకపోతే నేను. ఇంట్లోనూ అంతే. అమ్మ మంచాన పడినప్పుడు నేను, రూబీ పుట్టినప్పుడు నేను, మీ ఆయన కాలు విరిగినప్పుడు నేను. పెళ్ళి కాని మనిషి కాబట్టి ఖాళీగా ఉంటుందని అందరి నమ్మకం. నేను ఇష్టపడే చేశాను, ఎవరినీ తప్పు పట్టను. కానీ దీవెనా, రిటైరయ్యాక కూడా డిక్కీలో పడుకుని ఎవరి టైరు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూడాలని లేదు. నేను నడిపే బండి ఒకటి నాకు కావాలి. ఏడుగురి కోసం కాదు, నా కోసం.

కొత్తది కొననా, వాడినది కొననా అన్నది ఇంకా తేలలేదు. రెండో శనివారం విజయవాడ షోరూమ్‌కి వెళ్తున్నాను. విజయ్ పాల్ తనూ వస్తానన్నాడు. రానీ.

నీ వదిన
తబిత


తణుకు,
ఫిబ్రవరి 12

వదినగారూ,

షోరూమ్ నుంచి ఈయన వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గొణుగుడు. ఆ కారుకి స్టెప్నీయే లేదట కదా. ఈయన డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, అడుగున ఏమీ లేకపోతే "చక్రం ఇవ్వడం మర్చిపోయారండి" అన్నారట. సేల్స్ అబ్బాయి, "ఈ కారుకి స్టెప్నీ ఉండదండి" అన్నాడట. అంత ఖరీదు పెట్టి నాలుగు చక్రాలే ఇస్తే రావులపాలెం దాటాక పంక్చరైతే ఏం చెయ్యాలి అని ఈయన దెబ్బలాడుతుంటే, మీరు పక్కన నిలబడి ఆగకుండా నవ్వారట. "మా అక్కకి ఏదో అయింది" అని మా పుట్టింటివాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్పారు.

మీకు నవ్వెందుకొచ్చిందో నాకు తెలుసు. మీ కిందటి ఉత్తరం చదివాను కదా. ఆయనకి మాత్రం చెప్పలేదు.

అసలు అక్కడ ఏం జరిగిందో మీరు రాయండి. ఈయన చెప్పేదాంట్లో సగం ఆయన గెలిచిన సంగతులే ఉంటాయి.

దీవెన


రాజమండ్రి,
ఫిబ్రవరి 20

దీవెనా,

జరిగింది చెప్తాను విను. సేల్స్ కుర్రాడు మంచివాడే గాని, మొదటి నుంచీ మీ ఆయన మొహమే చూసి మాట్లాడాడు. నాకు మాత్రం వెనక తలుపు తీసి, "మేడమ్, మీరు కూర్చుని చూడండి" అన్నాడు. కూర్చున్నాను. సోఫాలా ఉంది. పాత మోడల్ కంటే పొడవు పెంచారట, మన దేశంలో ఈ కార్లు కొనేవాళ్ళు ఎక్కువమంది వెనకే కూర్చుంటారని. "డ్రైవర్ నడుపుతుంటే మీరు హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు మేడమ్" అన్నాడు. "డ్రైవర్ని నేనే బాబూ" అన్నాను. పాపం, తడబడ్డాడు.

నడిపి చూశాను. బాగుంది, బాగోలేదని అంటే అబద్ధమవుతుంది. పెద్ద తెర, మెత్తటి నడక. కానీ వంపు తిరిగేటప్పుడు వెనక ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నట్టు, ఆయన్ని లేపకూడదన్నట్టు తిరిగింది. నేను గట్టు మీద చూసిన కారు అది కాదు.

ఇక స్టెప్నీ. దాని టైర్ల పక్కగోడలు గట్టివట. గాలి పోయినా కారు కూలబడదు, నెమ్మదిగా తోలుకుంటే పక్క ఊరు దాకా పోతుంది. "దీనికి స్టెప్నీ అవసరం లేదు మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. విజయ్ పాల్ నవ్వు ఒకటే చూశాడు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మండపేట వెళ్ళాను. జానకిరామ్ గారని రైసు మిల్లు ఆయన, అదే కంపెనీ పాత మోడల్ అమ్ముతున్నారని తెలిసింది. పొట్టిది. నీలం కూడా. మిల్లు గేటు దగ్గర లారీలు తొక్కి తొక్కి రోడ్డు గోతులు పడింది, ఇంటికి వచ్చిన ప్రతిసారీ అడుగు గీసుకుంటోందని విసిగిపోయారు. నన్ను చూసి, "మీ వెంట మగవాళ్ళు ఎవరూ రాలేదాండి" అన్నారు. రాలేదన్నాను. ఆయన భార్య నాగరత్నం గారు లోపల్నుంచి తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు.

ద్వారపూడి వైపు తోలాను. మొదటి మలుపులోనే తెలిసిపోయింది. ఇది నడిపేవాళ్ళ కోసం చేసిన బండి. స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించాలి, బస్సులకి గట్టు దిగి దారి ఇవ్వడానికి వీల్లేదు, వెనక సీటు ఇరుకు. అన్నీ తెలిసే చెప్తున్నాను. ఇక్కడి గ్యారేజీలో పైకెత్తించి చూపించాలి. అడుగు తుప్పు పట్టకుండా ఉంటే, వరద నీళ్ళు తగిలిన బండి కాకపోతే, మనసు అటే.

నీ వదిన


తణుకు,
మార్చి 4

వదినగారూ,

ఒంటిపూట బడులు ఇంకా మొదలవకుండానే ఎండలు మండిపోతున్నాయి. రూబీ వచ్చింది, కాళ్ళవాపులు తప్ప బాగానే ఉంది.

ఈయన కొంచెం మెత్తబడ్డారు. పెద్ద బండి మాట పది మాటల్లో ఒకసారే వస్తోంది. పెయింటర్ గంగయ్య రోజూ వస్తున్నాడు. లేత నీలం వేద్దామా, మీగడ రంగు వేద్దామా అని ఈయన నన్ను చంపుతున్నారు. మీకు ఏది ఇష్టమో చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. కిటికీ తూర్పుకి ఉంది కాబట్టి నీలమైతే చల్లగా ఉంటుందని నా ఉద్దేశం.

దీవెన


రాజమండ్రి,
మార్చి 9

దీవెనకు,

ఏ గదికి రంగు?

తబిత


తణుకు,
మార్చి 14

వదినగారికి,

మీ ఉత్తరం ఒక్క ముక్కే ఉంది. దాన్ని నాలుగు రోజులుగా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను.

దాచినది చెప్పేస్తాను. మేడ మీద గది మీ కోసమే. రిటైరయ్యాక రాజమండ్రిలో అద్దె ఇల్లు ఖాళీ చేయించి, మిమ్మల్ని ఇక్కడికే తెచ్చేసుకుందామని అనుకున్నాం. పెద్ద బండి కూడా అందులో భాగమే. మీరు రూబీనీ, పిల్లనీ చూసుకుంటారు, ఎవరికి ఎక్కడికి వెళ్ళాలన్నా తీసుకెళ్తారు. మీకు చెప్పలేదు. సర్దేశాక చెబుదాం, అక్క కాదనదు అనుకున్నాం.

ఇందులో మీ తమ్ముడిని అనకండి. ఆ ఆలోచన ఆయనది కాదు, నాది. నాకు భయమేసింది వదినగారూ. రాజమండ్రిలో అందరం కలిసున్న రోజుల్లో రూబీని నేను కన్నానే గాని, పెంచింది మీరు. స్నానం పోసింది మీరు, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది మీరు. నేను స్కూలుకి పోయి వచ్చేదాన్ని. ఇప్పుడు దాని బిడ్డని ఎత్తుకోవడం కూడా నాకు వస్తుందో రాదో తెలీదు. మీరుంటే ఆ భయం ఉండదు. అందుకని మీ జనవరి ఉత్తరం చదివాక కూడా, అంత స్పష్టంగా మీరు రాశాక కూడా, గంగయ్యకి రావద్దని చెప్పలేకపోయాను.

గదికి రంగు వేయడం ఆపించాను. సగం నీలంగా, సగం పాత సున్నంగా ఉంది.

మీరు ఆ మండపేట కారు కొనండి. ఎవరినీ అడగకండి, నన్ను కూడా.

దీవెన


రాజమండ్రి,
మే 11

మరదలు పిల్లకి,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపమొచ్చింది. అబద్ధం చెప్పను, చాలా వచ్చింది. విజయ్ పాల్ చేసి ఉంటే ఫోన్‌లో నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేశావని తెలిసేసరికి ఎలా తిట్టాలో తెలీలేదు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. చివరికి అర్థమైంది. నీకు కావలసింది నేను కాదు, ధైర్యం. అది నా దగ్గర అరువు తెచ్చుకుంటే నీకెప్పటికీ రాదు.

వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పారు. హెడ్‌మిస్ట్రెస్ గారు, "తబిత మేడమ్ లేని లోటు ఎవరూ తీర్చలేరు" అన్నారు. మర్నాడే వ్యాన్ డ్రైవర్ రాలేదని ఫోన్. ఊళ్ళో లేనన్నాను. నిజంగానే లేను. మండపేటలో ఉన్నాను, కారు తెచ్చుకుంటూ.

గ్యారేజీలో అంతా చూశారు. మిల్లు గేటు పెట్టిన గీతలు తప్ప అడుగు శుభ్రంగా ఉంది, నీళ్ళు తగిలిన ఆనవాలు లేదు. కాగితాలయ్యాక జానకిరామ్ గారు డిక్కీ తెరిచి గర్వంగా చూపించారు. లోపల తాడుతో కట్టిన చక్రం. "కంపెనీవాడు ఇవ్వకపోతే నేనే విడిగా కొని పెట్టించానండి. స్టెప్నీ లేకుండా ఎలాగండీ మరి" అన్నారు. డిక్కీ అంతా అదే ఆక్రమించింది. "అది తీసేసి మీరే ఉంచుకోండి" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆడమనిషి ఒక్కతే, రోడ్డు మీద, అని మొదలుపెట్టారు. నాగరత్నం గారు గడప మీద నిలబడి వింటున్నారు. "ఆవిడ ఒద్దంటున్నారు కదండీ, తాడు విప్పండి" అన్నారు. ఆ చక్రం దింపి గోడకి ఆనించాక దాన్ని కాసేపు చూశాను. కొత్తది, ఒక్కసారి కూడా నేల మీద తిరగనిది. జాలేసింది.

ఆదివారం చర్చి ముందు పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "ఈ వాహనము కుటుంబమంతటికి ఉపయోగపడునట్లు" అనేసరికి మూసుకున్న కళ్ళు తెరుచుకున్నాయి. ఆమెన్ మాత్రం కొంచెం ఆలస్యంగా అన్నాను.

విజయ్ పాల్‌కి ఫొటో పంపాను. బొటనవేలు గుర్తు కూడా పెట్టలేదు. వాడి అలక వాడిది.

రూబీ జాగ్రత్త. రోజూ నడిపించు.

నీ వదిన


తణుకు,
జూన్ 16

వదినగారూ,

రూబీకి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఈ పాటికి ఫొటోలు చూసే ఉంటారు. ఫొటోల్లో లేనిది రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నొప్పులు మొదలయ్యాయి. ఈయన వెంటనే ఫోన్ తీసి మీ పేరు నొక్కబోయారు. నేను ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టేశాను.

"అక్క ఖాళీయే కదే" అన్నారు.

"ఖాళీగా లేరండి" అన్నాను.

"ఏం పనుంది తనకి?"

"కారు తోలుకుంటున్నారు. అదే పని."

ఈయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నేనే ఆటో పిలిచాను. నేనే రూబీని పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో భయమేసింది, దాచను. కానీ నర్సు పిల్లని తెచ్చినప్పుడు ఎత్తుకుంది నేనే. చేతికి దానంతట అదే వచ్చింది వదినగారూ. మొదటి స్నానం కూడా నేనే పోశాను. సబ్బు కంట్లో పడింది, అది ఊరంతా వినబడేలా ఏడ్చింది, ఇద్దరం బతికే ఉన్నాం.

మిమ్మల్ని కావాలనే పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నాను. పిల్లని చూడడానికి రండి. చుట్టంలా రండి. వంటింట్లోకి వస్తే ఊరుకోను. పైగదికి రంగు పూర్తి చేయించాను, నీలమే. అది మీ ఇల్లు కాదు, మీరు వచ్చినప్పుడు పడుకునే గది. ఉండమని ఎవరూ అడగరు.

దీవెన


రాజమండ్రి,
జూన్ 29

దీవెనా,

నిన్న సాయంత్రం మీ ఇంటి నుంచి క్షేమంగా చేరాను. నన్ను పిలవకుండా పురుడయిందని చదివినప్పుడు గుండె కలుక్కుమంది. నాకు కావాలనుకున్నదే అది, అయినా కలుక్కుమంది. మనిషి బుద్ధి అంతే. పిల్లని నువ్వు ఎత్తుకున్న తీరు చూశాక అది పోయింది. నేను ఇంతకంటే బాగా ఎత్తేదాన్నని చెప్పడానికి లేదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. నేను వచ్చేసరికి నువ్వు లోపల ఉన్నావు కాబట్టి నీకు తెలీదు. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటాక, పెరవలి దగ్గర తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. వెనక టైరు. దిగి చూస్తే మేకు. చుట్టూ వరి నారుమళ్ళు, దగ్గర్లో పంక్చర్ కొట్టు లేదు. మీ ఆయన రావులపాలెం దాటాక అన్నాడు కదా, సరిగ్గా వాడి నోటి చలవే. ఒక్క నిమిషం జానకిరామ్ గారి చక్రం గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎక్కి, నెమ్మదిగా తోలుకుంటూ వచ్చేశాను. కొంచెం గరగరలాడింది, అంతే.

గేటు దగ్గర విజయ్ పాల్ నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో చూసుకున్నాం. వాడి చూపు నా మీద కంటే ముందు టైరు మీద పడింది. గొంతుక్కూర్చుని చేత్తో నొక్కి చూశాడు.

"గాలి లేకుండానే ఇంత దూరం వచ్చేశావా అక్కా?"

"నాకు అలవాటేరా" అన్నాను.

ఏదో టైరు గురించే అన్నాను దీవెనా. నోట్లోంచి వచ్చాక గాని నాకే తెలీలేదు. వాడు లేవలేదు. టైరు మీద చెయ్యి అలాగే ఉంచి, "నాకు తెలీలేదక్కా" అన్నాడు. మొహం ఎత్తితే కళ్ళు నిండి ఉన్నాయి. చిన్నప్పుడు మొగల్తూరులో సైకిల్ మీంచి పడి ఏడుపు ఆపుకున్నప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. లేపి ముక్కు తుడుచుకోమన్నాను.

అందుకే మేమిద్దరం లోపలికి రావడం ఆలస్యమైంది. టైరు షాపుకి వెళ్ళామని చెప్పాడు కదా, అదీ నిజమే. తాళం తీసుకోబోయాడు, ఇవ్వలేదు. పక్క సీట్లో కూర్చున్నాడు. పంచదార ఫ్యాక్టరీ దాటాక రోడ్డు ఖాళీగా కనబడితే మలుపులో కొంచెం తొక్కాను. తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి, "ఇంకోసారి అలా తిప్పు" అన్నాడు.

వచ్చే నెల నీకు రెండో శనివారం సెలవు కదా. పిల్లని ఒక్క పూట వాళ్ళ తాత చూసుకుంటాడు. నేనడిగాను, ఒప్పుకున్నాడు, స్నానం మాత్రం పొయ్యనన్నాడు. మనిద్దరం మొగల్తూరు మీదుగా పేరుపాలెం సముద్రం దాకా వెళ్దాం. దారిలో రోడ్డు తిన్నగా ఉన్నచోట నీకు స్టీరింగ్ ఇస్తాను. రాదని చెప్పకు. పిల్లని ఎత్తుకోవడం కూడా రాదనే రాశావు.

నీ వదిన
తబిత